రాన్ పాల్
ప్రభుత్వాధికారము మితముగా నుండవలెనను సిద్ధాంతమును అమెరికా ప్రతినిధి సభలో చిరకాలము ప్రతిపాదించిన రాన్ పాల్ 1935లో పిట్స్‌బర్గ్ నగరమున జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, టెక్సస్‌లో ప్రసూతివైద్యుఁడుగా స్థిరపడెను. 1971లో అధ్యక్షుఁడు నిక్సన్ డాలరునకు బంగారముతోఁ గల బంధమును త్రెంచివేయుటయే యీయనను రాజకీయములకుఁ బురికొల్పినది. 1976 ఉపయెన్నికలో రిపబ్లికన్ పక్షమున గెలిచి, నడుమ విరామములతో 2013 వఱకు సభ్యుఁడై, రాజ్యాంగము స్పష్టముగా ననుమతింపని వ్యయములను ప్రతిఘటించుటచే ‘డాక్టర్ నో’ యని ప్రసిద్ధి కెక్కెను. అధ్యక్షపదవికి మూఁడుమార్లు యత్నించి విఫలుఁడయ్యెను. స్వపక్షీయుఁడైన అధ్యక్షుఁడే కోరినను 2002లో ఇరాక్ యుద్ధాధికార తీర్మానమునకు వ్యతిరేకముగా వోటు వేయుట యీయన నిష్ఠకు నిజమైన గీటురాయి. అమెరికా కేంద్రబ్యాంకగు ఫెడరల్ రిజర్వును రద్దుచేయవలెనన్న యీయన వాదమును సభ యంగీకరింపకపోయినను, దానిపైఁ దనిఖీ జరిపించు బిల్లును 2012లో అత్యధిక సంఖ్యాకుల మద్దతుతో నామోదించెను. సెనేటులో నది ముందునకు సాగలేదు.