కంపెనీ డిక్రీ బాకీలు – డైరెక్టర్ల వ్యక్తిగత బాధ్యత

కంపెనీ మీద కోర్టు ఇచ్చిన సొమ్ము డిక్రీ వసూలు కానప్పుడు, ఆ బాకీని డైరెక్టర్ల సొంత ఆస్తుల నుంచి రాబట్టుకోవడానికి భారతీయ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చట్టం దృష్టిలో కంపెనీ వేరు, దాన్ని నడిపేవారు వేరు. ఈ సూత్రానికి మూలం 1897 నాటి సాలమన్ కేసు. లండన్ బూట్ల వ్యాపారి ఆరన్ సాలమన్ తన వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్మాడు. అది దివాలా తీశాక, అప్పులు ఆయనే తీర్చాలని కింది కోర్టులు అన్నాయి, హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం ఆ బాధ్యత ఆయనది కాదని తేల్చింది.

డిక్రీదారుకు ఈ సూత్రం బరువు ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈ.పి.) వేశాక తెలుస్తుంది. అమలు కోర్టు డిక్రీలో ఉన్నదాన్ని అమలు చేస్తుందే తప్ప, అందులో లేని మనిషిని కొత్తగా బాకీదారుగా చేర్చదు. వినియోగదారుల కమిషన్‌లో ఉత్తర్వు పొందిన ఫరీదాబాద్‌లోని అన్సల్ క్రౌన్ హైట్స్ ఫ్లాట్ల కొనుగోలుదారులకు ఎదురైంది ఇదే. నిర్మాణ కంపెనీ దివాలా ప్రక్రియలో ఉన్నా మారటోరియం (వసూళ్లపై నిలుపుదల) కంపెనీకే పరిమితమని, మిగతా ప్రతివాదులపై అమలు కొనసాగవచ్చని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. అయితే ఆ కమిషన్ ఉత్తర్వులో డైరెక్టర్ల బాధ్యత తేల్చలేదు కాబట్టి వారిపై అమలు కుదరదని 2025లో తీర్పునిచ్చింది. అందుకే డైరెక్టరు మోసం చేశాడని అనుకునేవారు ఆ సంగతి దావాలోనే రాసి, ఆయన్ను పేరుతో ప్రతివాదిగా చేర్చి, సాక్ష్యం పెట్టాలి. ఈ.పి. దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

అలాగని అమలు దశలో డైరెక్టరును కోర్టుకు రప్పించలేమని కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 41 కింద కంపెనీ అధికారిని బోనెక్కించి బ్యాంకు ఖాతాలు ఎక్కడున్నాయి, కంపెనీకి ఎవరెవరు బాకీ ఉన్నారు, యంత్రాలు, వాహనాలు ఏమయ్యాయి అని అడగవచ్చు. ఆస్తుల అఫిడవిట్ ఇమ్మని కోర్టు ఆదేశించినా ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలుకు పంపవచ్చు. ఆ జైలు శిక్ష కోర్టు ఆదేశాన్ని ధిక్కరించినందుకే, బాకీ కోసం కాదు. చాలామంది డిక్రీదారులు వాడుకోని ఈ రూల్ నిజానికి వారి చేతిలో ఉన్న మంచి ఆయుధం.

డైరెక్టరు సొంత ఆస్తికి దారితీసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది వ్యక్తిగత పూచీ. కంపెనీ అప్పుకు హామీ సంతకం పెట్టిన డైరెక్టరు దాదాపు కంపెనీతో సమానంగా బాకీపడతాడు. బ్యాంకులు ఈ సంతకం లేనిదే అప్పివ్వడానికి వెనకాడతాయి. సరుకు అరువిచ్చే చిన్న సరఫరాదారుకు దాన్ని అడిగే సత్తువ ఉండదు, నష్టపోయేవారిలో ముందుండేదీ అతనే.

రెండోది మోసం. స్కిప్పర్ కన్‌స్ట్రక్షన్ కేసులో (1996) కంపెనీ ముసుగు తొలగించి, దాని వెనకున్న కుటుంబం ఆస్తులపై సుప్రీంకోర్టు చెయ్యి వేసింది. కంపెనీ మూసివేత సమయంలో 2013 కంపెనీల చట్టం 339వ సెక్షన్, దివాలా ప్రక్రియలో 2016 దివాలా స్మృతి 66వ సెక్షన్ మోసపూరిత వ్యాపారానికి బాధ్యుల నుంచి సొమ్ము రాబడతాయి. దివాలా స్మృతి కింద వచ్చే సొమ్ము ఒక్క డిక్రీదారుకు కాదు, కంపెనీ ఆస్తుల్లో కలుస్తుంది.

చెల్లని చెక్కు దారి వేరు. అక్కడ డైరెక్టరు నిందితుడవుతాడు. హైదరాబాద్‌కు చెందిన ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో (2005) డైరెక్టరు పదవి ఉన్నంత మాత్రాన సరిపోదని, వ్యాపార నిర్వహణ ఆయన చేతిలో ఉందని ఫిర్యాదులో స్పష్టంగా చెప్పాలని సుప్రీంకోర్టు అంది. మేనేజింగ్ డైరెక్టరుకూ, చెక్కుపై సంతకం చేసినవారికీ ఈ వెసులుబాటు లేదు.

ప్రభుత్వం తన బాకీల విషయంలో ఇంకా గట్టి ఏర్పాటు చేసుకుంది. ప్రైవేటు కంపెనీ నుంచి పన్ను వసూలు కాకపోతే, ఆదాయపు పన్ను చట్టం ఆ బాధ్యతను నాటి డైరెక్టర్లపై పెట్టింది. తమ తీవ్ర నిర్లక్ష్యం గానీ, దుర్వర్తన గానీ, విధి ఉల్లంఘన గానీ దానికి కారణం కాదని వారే రుజువు చేసుకోవాలి. జీఎస్టీ చట్టంలో 89వ సెక్షన్‌దీ ఇదే తీరు. మామూలు డిక్రీదారుకు మాత్రం ఇలాంటి సెక్షన్ లేదు, రుజువు భారమంతా అతనిదే.