బరువు మోసేది గాలి

దుర్గి అనగానే ఎవరికైనా రాయి స్ఫురిస్తుంది. పలనాటిలో మాచర్లకు చేరువనున్న ఈ ఊరి శిల్పకళకు 2017లో భౌగోళిక గుర్తింపు సైతం లభించింది. ఉలి గురించి రాసినవారు ఉన్నారు గానీ, ఆ రాతిని మోసే చక్రం గురించి రాసినవారు అరుదు. ఈ వ్యాసం ఆ చక్రం గురించి, అందులోని గాలి గురించి.

రాతి బరువు కంటిని మోసగిస్తుంది. మూడడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న సున్నపురాతి దిమ్మె దాదాపు రెండు టన్నులు తూగుతుంది. పికప్ బండిలో అది ఒక మూలకు సరిపోతుంది. అదే బండిలో నలభై మిర్చి టిక్కీలు వేస్తే క్యాబిన్‌ను మించిన ఎత్తు కనబడుతుంది. బరువు మాత్రం రెండు టన్నులకు లోపే. కనుక పంచర్ షాపువాడు "గాలెంత పెట్టమంటారు?" అని అడిగినప్పుడు సరుకు ఎత్తును చూసి జవాబు చెప్పడం ప్రమాదకరం.

ఈ ప్రశ్న మన తాతల కాలంలో లేదు. కొయ్యచక్రానికి ఇనుప పట్టా బిగిస్తే సరిపోయేది; బాధంతా ఎడ్లది, బాటది. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు పొందాడు. లోకం దానిని మరచిపోయింది. బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో దానిని మళ్ళీ కనుగొన్నాడు. 1895లో మిష్లిన్ సోదరులు గాలి టైర్ల కారును పారిస్–బోర్డో పందెంలో నడిపారు. అయినా బరువు లారీలు చాలాకాలం గట్టి రబ్బరు చక్రాల మీదనే నడిచాయి. గాలి అంత బరువును మోయగలదని నమ్మినవారు తక్కువ. 1917లో గుడ్‌ఇయర్ సంస్థ గాలి టైర్ల లారీని అమెరికాలో ఏక్రన్ నుండి బోస్టన్‌కు నడిపి ఆ అపనమ్మకాన్ని సడలించింది. మన దేశంలో డన్‌లప్ కర్మాగారం 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో మొదలైంది. క్రమంగా ఎద్దులబండికి సైతం టైర్లు వచ్చి, అవే ఎడ్లు మునుపటికంటే ఎక్కువ బరువు లాగాయి.

లెక్క సులువైనది. ఒక చక్రం మీద 600 కిలోలు, అంటే సుమారు 1,320 పౌన్ల బరువు పడిందనుకుందాం. చదరపు అంగుళానికి 65 పౌన్ల గాలి ఉంటే టైరు రమారమి ఇరవై చదరపు అంగుళాల మేర నేలను తాకుతుంది. గాలి 40కి తగ్గితే ముప్పైమూడు అంగుళాలు తాకాలి. అంటే టైరు అణగి, ప్రతి చుట్టుకూ దాని పక్కలు మరింత వంగి, లేస్తాయి. ఆ వంపు వేడిగా మారుతుంది. వేడి పొరలను విడదీస్తుంది.

ఈ సత్యానికి అమెరికా పెద్ద మూల్యం చెల్లించింది. రేంజర్ పికప్ చట్రం ఆధారంగా రూపొందిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు కంపెనీ సూచించిన గాలి 26 పౌన్లు; టైర్లు చేసిన ఫైర్‌స్టోన్ 30 ఉండాలన్నది. తయారీ లోపానికి తక్కువ గాలి, బరువు, వేగం, దక్షిణాది ఎండ తోడై టైర్ల పొరలు ఊడాయి. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ దేశంలో మరణాలు 271. ఆ ఏడాదే వచ్చిన చట్టం వల్ల, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం 2007 నుండి అక్కడి కొత్త కార్లకు, పికప్‌లకు తప్పనిసరి అయింది.

మన పలనాటి ఎండ అక్కడి ఎండకు తీసిపోదు. దుర్గికి సమీపంలోని రెంటచింతల పేరు వేసవిలో ఏటా పత్రికలకెక్కుతుంది. "ఎండాకాలం గాలి తగ్గించాలి, లేకుంటే పేలుతుంది" అన్న మాట చాలా ఊళ్ళలో వినబడుతుంది. తెల్లవారి 30 డిగ్రీల వద్ద 65 ఉన్న గాలి, 45 డిగ్రీలకు 69 అవుతుంది, అంతే. పరుగులో ఇంకొంత పెరుగుతుంది. ఆ పెరుగుదలను తట్టుకునేలాగే టైరును తయారుచేస్తారు. మిట్టమధ్యాహ్నం గాలి వదిలితే రాతి బరువును లోటు గాలితో మోయవలసి వస్తుంది. తగ్గిద్దామనుకున్న వేడి పెరుగుతుంది.

కనుక గాలిని ఉదయం బండి కదలకముందే చూడాలి. డ్రైవరు తలుపు దగ్గరో, బండితో వచ్చిన పుస్తకంలోనో ముందు, వెనుక చక్రాలకు వేరువేరుగా ఇచ్చిన అంకెలను పాటించాలి. టైరు పక్కన అచ్చయినది గరిష్ఠ పరిమితి. బండికి తగిన అంకె అదే కానక్కరలేదు. కాలితో తన్ని చూడటం చాలదు: రేడియల్ టైరు సరైన గాలితో ఉన్నా కొంచెం ఉబ్బి, తగ్గినట్టే కనబడుతుంది. ఖాళీగా తిరిగివచ్చే బండిలో నిండు బరువు గాలి ఉంటే వెనుక భాగం ఎగిరి పట్టు తప్పుతుంది. ఇరుసు మోయగల బరువును మించి ఎక్కించిన రాతిని మాత్రం ఎంత గాలి కొట్టించినా కాపాడలేదు.

మీ ఊరికి మొదటి టైరు బండి ఎప్పుడు వచ్చిందో పెద్దలను అడిగి మిత్రులెవరైనా రాస్తే సంతోషిస్తాను. మన రవాణా చరిత్రలో ఆ పుట ఇంకా ఖాళీగానే ఉంది.