వైగై ఒడ్డున మగ్గాలు

మధురైలో తెలుగు జాడ ఏదని అడిగితే మన విద్యార్థులు వెంటనే తిరుమల నాయకుని మహలు చూపిస్తారు. ఆ మహలు చుట్టుపక్కల వీధుల్లోకీ ఒకసారి వెళ్ళాలని మా మనవి. అక్కడ తరతరాలుగా మగ్గం నేసినవారు సౌరాష్ట్రులు. తమిళులు వీరిని 'పట్టునూల్కారర్' అన్నారు.

వీరి భాష ఇండో-ఆర్య కుటుంబానిది. లాటదేశం నుండి వలసవచ్చిన పట్టు నేతగాళ్ళను మందసోర్ శాసనం (క్రీ.శ. 473) పేర్కొంటుంది. వారే వీరి పూర్వులని కొందరు రాశారు. వృత్తి ఒకటైనంత మాత్రాన వంశం ఒకటని చెప్పలేం. నడుమ వెయ్యేళ్ళ ఖాళీ ఉంది. అంతకన్నా వీరి నోటిమాటే మంచి సాక్ష్యం. చుట్టూ తమిళమే ఉన్నా వీరి నిత్యవ్యవహారంలో తెలుగు పదాలు దండిగా కనిపిస్తాయి. కొలువు భాష ప్రభావం కొంత ఉండవచ్చు గాని, ఇంటిమాటలు ఇరుగుపొరుగు బతుకులోనే అబ్బుతాయి. దక్షిణానికి వచ్చే దారిలో వీరు తెలుగు సీమల్లో చాలాకాలం నిలిచారనడమే సబబని మేము భావిస్తున్నాం.

మధురైలో వీరికి నాయకరాజులు చోటిచ్చారని సంప్రదాయం. 1689లో పాలన చేపట్టిన రాణి మంగమ్మ కాలంలో, ఉపాకర్మ చేసుకునే హక్కు వీరికి ఉందా అన్న తగవు కొలువుకెక్కింది. తీర్పు వీరి పక్షానే వచ్చింది.

వీరి చేతిపని సుంగుడి చీర. నూలుబట్టను గోటితో చిటికెడు చిటికెడుగా ఎత్తి, దారంతో బిగించి ముడివేస్తారు. రంగులో ముంచి ఆరబెట్టి ముడులు విప్పితే, దారం కట్టిన చోట రంగంటక తెల్లని చుక్క మిగులుతుంది. ఒక్కో చీరకు వేల ముడులు, ఎక్కువగా ఆడవారి చేతులవే. 1890లలో హార్వే సోదరుల నూలుమిల్లు వచ్చి ఊరికి మరో ముఖం తెచ్చింది. సుంగుడికి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కినా, మైనపు అచ్చుతో చుక్కలు దించిన బట్టే అదే పేరుతో ఎక్కువగా అమ్ముడుపోతోంది. ముడికి పట్టే కాలానికి తగిన కూలి గిట్టదు మరి.

త్యాగరాజ శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ (1781-1874) ఈ సమాజం వారే. తెలుగులో కృతులు రచించారు. గురువు కృతులను, చరిత్రను ఆయనా, కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ రాసిపెట్టారు. ఆ వాలాజాపేట ప్రతులు మధురై సౌరాష్ట్ర సభకు చేరాయి. తమిళనాట చదువుకునే మన విద్యార్థులకు అవి ఒక బస్సు ప్రయాణం దూరమే.