బండి ముందు వేలాడే కరెంటు వైరు



కెనడాలో ఉన్న పిల్లలు పంపే ఫోటోల్లో డీజిల్ బండి ముందు జాలీలోంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తే, కరెంటు బండి కాబోలు అనుకోకండి. అది ఇంజిన్ బ్లాకును వెచ్చబెట్టే హీటరు వైరు.

ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మన ఆవర్‌పూర్‌లో దాని అవసరం రాదు. 1980లలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చిన దగ్గర్నుంచి డీజిల్ బండ్ల చప్పుడు వింటూనే ఉన్నాం. డిసెంబరు తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే పాత లారీ తెల్లపొగ వదిలి మొరాయించడం మనకు కొత్త కాదు. అక్కడ మైనస్ 30 డిగ్రీల్లో అదే గొడవ పదింతలు.

కారణం డీజిల్ పుట్టుకలోనే ఉంది. రుడాల్ఫ్ డీజిల్ 1890లలో జర్మనీలో తయారు చేసిన ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతుంది (సైకిల్ పంపు కొట్టినవాళ్ల చేతికి తెలుసు), ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. గడ్డకట్టిన ఇనుము ఆ వేడిని లాగేసుకుంటే ఇక మంట ఎక్కడిది? పైగా ఆయిలు ఆముదంలా చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది.

పూర్వం చలిదేశాల్లో రాత్రి ఆయిలు దించి ఇంట్లో పొయ్యి దగ్గర పెట్టి, పొద్దున మళ్లీ పోసేవారు. కొందరు ఇంజిన్ కింద నిప్పే పెట్టేవారు. దీనికి విరుగుడు అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం గ్రాండ్ ఫోర్క్స్‌లో దొరికింది. అక్కడి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం నడిపిన ఆండ్రూ ఫ్రీమన్, ఇంజిన్ హెడ్డు బోల్టు స్థానంలో బిగించే హీటరు చేసి 1949లో పేటెంటు పొందారు. పల్లెలకు కరెంటు చేర్చే మనిషికే ఈ ఆలోచన రావడం నాకు సబబుగా అనిపిస్తుంది.

తర్వాత వచ్చిన రకం మన బకెట్లో పెట్టే రాడ్డు లాంటిదే. బ్లాకుకు ఉండే కోర్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో బిగిస్తారు, కూలంటును వెచ్చబెడుతుంది. కూలంటు నింపకుండా స్విచ్చి వేస్తే రాడ్డు కాలిపోతుంది.

హీటరు బిగించడం కన్నా వైరు లాగడంలోనే జాగ్రత్త కావాలి. సైలెన్సరు గొట్టానికి, ఫ్యాను బెల్టుకు దూరంగా లాగి టైలతో కట్టాలి. ఎర్త్ ఉన్న త్రీ పిన్ ప్లగ్గే ఉండాలి. పైతొడుగు చిట్లిన వైరును టేపు చుట్టి వాడితే బండే తగలబడవచ్చు. రాత్రంతా వదిలేయక్కర్లేదు, బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు, టైమరు పెట్టుకుంటారు. అక్కడ చాలా పార్కింగుల్లో బండికో సాకెట్టు ఉంటుంది. మీ పిల్లలు అక్కడ పాత డీజిల్ బండి కొంటే, ఆ వైరు ఎలా ఉందో ముందు చూసుకోమనండి.