ఒకే సంవత్సరం, ఎన్నో లెక్కలు

మీ ఇంటి గోడ క్యాలెండరు ఒకసారి చూడండి. ఇంగ్లీషు తేదీ, తెలుగు తిథి, ఉర్దూ తేదీ ఒకే గడిలో సర్దుకొని ఉంటాయి. మా కల్లూరులో ఒక యౌవనస్థుడు నన్నడిగాడు: “అయ్యగారూ, మనది క్రీస్తు శకం కదా, మిగతా లెక్కలు మనకెందుకు?” జవాబుగా ఒక్క సంవత్సరాన్ని మీ ముందుంచుతాను.

నన్నయ చేత మహాభారతాన్ని తెలుగు చేయించ పూనుకున్న రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం ఎప్పుడు జరిగింది? కోరుమిల్లి తామ్రశాసనం ఇలా చెబుతోంది: శక సంవత్సరం 944, సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, గురువారం. క్రీస్తు శకంలో అది 1022 ఆగస్టు 16. తెలుగు సంవత్సరం పేరు దుందుభి. 1982 ఉగాదికి వచ్చినదీ ఆ పేరే. కలియుగపు లెక్కలో 4123 ఏండ్లు గడిచాయి. అదే రోజున ముస్లిములకు హిజ్రీ 413, యూదులకు 4782. కాన్‌స్టాంటినోపులు క్రైస్తవులైతే సృష్టి మొదలుకొని లెక్కించి 6530 అన్నారు. గమనించండి, క్రైస్తవులందరికీ కూడా ఒకే లెక్క లేదు! క్రీస్తు జననం నుండి లెక్కించే పద్ధతిని 525లో డయొనీసియస్ అనే మఠవాసి కూర్చాడు. అందులోనూ కొన్నేండ్ల తేడా ఉంది. యేసు పుట్టినప్పుడు హేరోదు బ్రతికే ఉన్నాడు. ఆ హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

మరి ‘ప్రభువు సంవత్సరం’ అని రాసుకున్నవారు ఆ 1022లో ఏమి చేశారు? నేటి స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్ మఠంలో నోట్కర్ అనే ఉపాధ్యాయుడు జూన్ నెలలో తెగులు సోకి మరణించాడు. లాటిను కష్టమైన తన విద్యార్థుల కోసం కీర్తనల గ్రంథాన్ని వారి జర్మను భాషలోకి తెచ్చిన మనిషి ఆయన. అదే ఏడు డిసెంబరు 28న, ఫ్రాన్సులోని ఓర్లెయాన్‌లో, ‘భక్తుడు’ అని బిరుదున్న రాబర్టు రాజు పదిమందికి పైగా మనుష్యులను దుర్బోధకులని సజీవంగా కాల్పించాడు. వారిలో గురువులూ ఉన్నారు. మధ్యయుగపు పశ్చిమ ఐరోపాలో అటువంటి దహనశిక్ష అదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు.

ప్రియులారా, ఇద్దరిదీ ఒకే ప్రభువు సంవత్సరం. ఒకరు దానిని వాక్యంతో నింపారు, ఒకరు మంటతో నింపారు. కనుక ఆ తమ్మునితో నేనిలా అన్నాను: “మన అంకె మనలను పరిశుద్ధపరచదు. పొరుగువాని పంచాంగాన్ని చిన్నచూపు చూసే అధికారమూ ఇవ్వదు.” దావీదు తన కాలాన్ని దేవుని చేతిలో పెట్టాడు (కీర్తనలు 31:15). మీ గోడమీది ఈనాటి గడిలో ఎన్ని తేదీలున్నా, ఉన్నది ఒక్క దినమే. దానిని దేనితో నింపుతున్నారు? ఆలోచించండి. ఆమేన్.