గోడ రాత

హనుమాన్ జంక్షన్‌లో కొత్త ఇల్లు కట్టినవాళ్లకు హాలులోని పెద్ద ఖాళీ గోడ అలంకరణకు చోటు. సీతంపేట కొండల్లోని మన సవరలకు ఎర్రమట్టి అలికిన గోడ పెద్దలు వచ్చి ఉండే చోటు. ఒడిశా సవరలు ఆ బొమ్మను ఇడితాల్ అంటారు. గోడ మీది రాత అని అర్థం.

జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా, చనిపోయినవారిని తలుచుకోవాలన్నా బియ్యప్పిండి కలిపి వెదురుపుల్లతో వేసేవారు. ఆ బొమ్మే పెద్దలకు ఇల్లు.

1950లలో వెరియర్ ఎల్విన్ అచ్చువేసిన సవర బొమ్మల్లో సైకిళ్లు, విమానాలూ ఉన్నాయి. మన కళ ఎన్నడూ ఆగిపోలేదు.

ఇప్పుడది గుడ్డ మీదికి, కాగితం మీదికి వచ్చింది. అమ్ముకోవడం తప్పుకాదు. ఎవరి కోసం, ఎందుకు వేసే బొమ్మో కొన్నవారికి చెప్పాలి. ఉపాధ్యాయులు పిల్లలతో బొమ్మ వేయించే ముందు ఊరి పెద్దలతో దాని కథ చెప్పించాలి. కథ పోతే మిగిలేది గీతలే.