తల్లి మాటే తొలి ఎక్స్‌రే

మా అన్నయ్యా నేనూ చీకటి గదుల్లో పని నేర్చుకున్నవాళ్ళం. ఆయన సినిమా ల్యాబ్‌లో నెగిటివ్‌లు కడిగేవాడు. నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు కడిగేవాణ్ణి. రాత్రి భోజనానికి కూర్చుంటే ఇద్దరి చేతులకీ ఒకటే, ఫిల్ము కడిగే హైపో వాసన. సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివస్తున్న రోజుల్లో తెనాలి నుంచి వచ్చాం. 1988లో జూబ్లీహిల్స్ బండల మీద అపోలో ఆస్పత్రి, మరుసటి ఏడు ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. అప్పటినుంచీ మా ఇల్లు ఇక్కడే.

నేను మరిచిపోలేని ఎక్స్‌రే అంతకుముందు, 1984లో తీసింది. ఒకావిడ మూడేళ్ళ కొడుకుని చంకనేసుకుని వచ్చింది. చీటీలో కడుపు ఎక్స్‌రే అని రాసి ఉంది. “పొద్దుగాల లేవంగనే కక్కుతుండు సారూ. కక్కినంక మంచిగనే ఆడుకుంటడు. నడిస్తే తూలుతుండు, మెడ ఒక్క దిక్కే వంచుతుండు” అంది. అప్పటికే రెండుసార్లు నులిపురుగుల మందు తాగించారు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. నేను చీటీలో ఉన్నదే తీసి పంపించేశాను.

రెండు నెలలకు అదే పిల్లవాడు తల ఎక్స్‌రేకి వచ్చాడు. ఎర్రలైటు కింద డెవలపర్ తొట్టిలోంచి ఫిల్ము పైకెత్తి చూశాను. పుర్రె ఎముకల అతుకులు విడిపోయి ఉన్నాయి. ఎముక లోపలి వైపంతా సుత్తితో కొట్టిన రాగిబిందెలా సొట్టలు. తలలో ఒత్తిడి పెరిగిందని చెప్పే గుర్తులవి. కానీ ఆ ఒత్తిడికి కారణమైన మెదడు గడ్డ ఎక్కడుందో ఆ ఫిల్ములో కనబడలేదు. మామూలు ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, మెదడును చూపించలేదు. ఆ పిల్లవాడు దక్కలేదు.

ఎముక దాటి లోపలికి చూడాలని వైద్యులు పడిన పాట్లు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ పిల్లల మెదడులోని నీటి గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. గాలి నిండిన గది ఎటు ఒరిగిందో చూసి గడ్డ ఎక్కడుందో ఊహించేవారు. మరుసటి ఏడు వెన్నులోంచి గాలి పంపే పద్ధతి వచ్చింది. ఆ పరీక్ష అయ్యాక తల పగిలిపోయే నొప్పి, వాంతులు ఉండేవని మా సీనియర్లు చెప్పేవారు. 1925లో బెయిలీ, కుషింగ్ పిల్లల చిన్నమెదడులో వచ్చే ఒక గడ్డకు మెడుల్లోబ్లాస్టోమా అని పేరు పెట్టారు. మన దక్షిణాదిలో మెదడు శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం 1949లో వేలూరులో జాకబ్ చాండీ మొదలుపెట్టారు. మరుసటి ఏడు మద్రాసులో బి. రామమూర్తి పని ప్రారంభించారు. విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రికీ, హైదరాబాద్ ఉస్మానియాకీ ఆ విద్య తర్వాత చేరింది.

అసలు మలుపు 1971 అక్టోబరు 1న లండన్‌లో వచ్చింది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ స్కాన్‌తో మొదటి రోగి తల చూశారు. ఆయన పనిచేసింది ఈఎంఐ కంపెనీలో. కుక్క బొమ్మతో మన సినిమా పాటల రికార్డులు తెచ్చిన గ్రామఫోన్ కంపెనీ ఆ ఈఎంఐదే. ఈ సంగతి చెబితే అన్నయ్య ఎంతో మురిసిపోయాడు. 1979లో కోర్మాక్‌తో కలిపి హౌన్స్‌ఫీల్డ్‌కు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఎంఆర్‌ఐ వచ్చి చిన్నమెదడు మూలలు కూడా స్పష్టంగా చూపించింది. కదలకుండా ఉండలేని పసివాళ్ళకు మత్తిచ్చి తీస్తారు.

స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంది. దాని పేరు మాత్రం పెథాలజీ ల్యాబ్‌లోనే తేలుతుంది. 1987లో ఫిలడెల్ఫియాలో లూసీ రోర్కే, ఆమె సహచరులు మూడేళ్ళలోపు పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒక అరుదైన గడ్డను విడిగా గుర్తించారు. దాన్నే ఇప్పుడు ఏటీఆర్‌టీ అంటారు. అంతకుముందు దాన్ని చాలాసార్లు మెడుల్లోబ్లాస్టోమా అనే అనుకునేవారు. నగరంలో ఒక ల్యాబ్‌లో డాక్టరుగారు నాకు ఆ స్లైడు చూపించారు. మైనం దిమ్మలోంచి వెంట్రుక కన్నా పల్చగా కోసిన ముక్క అది. ఐఎన్ఐ1 అనే ప్రోటీన్ ఉంటే కణం మధ్యభాగం గోధుమరంగుకు మారుతుంది. రక్తనాళం గోడలోని మంచి కణాలన్నీ మారాయి. చుట్టూ ఉన్న గడ్డ కణాలు నీలంగానే మిగిలిపోయాయి. ఆ రంగు పడకపోవడమే ఏటీఆర్‌టీకి పెద్ద ఆధారం. పేరు మారితే మందు మారుతుంది. అందుకే రెండో అభిప్రాయానికి వెళ్ళేవాళ్ళు స్కాన్ ఒక్కటే కాదు, స్లైడ్లూ మైనం దిమ్మలూ అడిగి తీసుకెళ్ళాలి.

ఈ కథలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన మందులే మెథోట్రెక్సేట్‌కు దారి తీశాయి. మూడేళ్ళలోపు పిల్లల మెదడుకు రేడియేషన్ హాని చేస్తుంది కాబట్టి దాన్ని తప్పించడానికో, వాయిదా వేయడానికో ఇచ్చే మందుల్లో ఇప్పటికీ అదొకటి. మా ఇంటికి దగ్గర్లోనే, ఎన్టీఆర్ తన భార్య జ్ఞాపకంగా తలపెట్టిన బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి 2000లో మొదలైంది. చూసే యంత్రం, మందు, వైద్యుడు అన్నీ మన గడప దాకా వచ్చాయి. రావలసింది మనమే, అదీ వేళకు.

బ్రిటన్‌లో 2011లో తల్లిదండ్రులకూ డాక్టర్లకూ పిల్లల మెదడు గడ్డల లక్షణాలు తెలియజెప్పే ప్రచారం చేశారు. ఒకప్పుడు రోగం బయటపడటానికి 14 వారాలు పట్టేది. అది 7 వారాల లోపుకు వచ్చింది. అందుకు కావలసింది కొత్త యంత్రం కాదు, తెలిసి ఉండటం.

కడుపు ఎక్స్‌రే నాటి పొరపాటు తర్వాత నేనొక అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా, తల్లి చెప్పిన మాటను చీటీ వెనక రాసి డాక్టరుగారికి పంపేవాణ్ణి.

తల్లులారా, పొద్దున్నే వాంతులు, తూలుడు నడక, ఒక వైపుకే వంగే మెడ, మెల్లకన్ను కొత్తగా కనబడి తగ్గకపోతే మెదడు సంగతి కూడా చూడమని డాక్టరును అడగండి. పసిబిడ్డ మాడు ఉబ్బినా, తల గబగబా పెరుగుతున్నా ఆలస్యం చేయకండి. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత ఏడాదికి 46 దాకా వస్తుంది. దర్జీ టేపుతో నెలనెలా కొలిచి రాసుకోండి. డాక్టరుగారూ, నాలా ఎక్స్‌రే తీసే తమ్ముడూ, తల్లి చెప్పిన మాట చీటీలో లేకపోతే దయచేసి రాయండి.